పెయ్యంతా నొప్పులు, ఎంత పడుకున్నా తీరని అలసట: ఫ్లోరైడేనా, ఇంకేమైనా ఉందా?

మునుగోడు అంగన్‌వాడీ

అందరికీ నమస్కారం. మాది మునుగోడు పక్కన పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్‌ని, వయసు 41. పుట్టిల్లు మర్రిగూడ వైపు. పెళ్లయ్యేదాకా బోరింగు నీళ్లే తాగి పెరిగాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, నా నొప్పుల సంగతి ఎవరి దగ్గర ఎత్తినా మాట ఆ ఫ్లోరైడ్ దగ్గరికే పోయి ఆగిపోతోంది.

నొప్పి ఒక చోట అని లేదు. మెడ, భుజాలు, నడుము, తొడలు, పక్కటెముకలు. పొద్దున ఒక దగ్గర సలిపితే సాయంత్రానికి ఇంకో దగ్గర. కీళ్ల నొప్పులంటే కీళ్లు వాయాలి కదా, నాకు ఎక్కడా వాపు లేదు. మోకాలి కింద ముందు వైపు ఎముక మీద వేలితో గట్టిగా అదిమితే ప్రాణం పోయినట్టు ఉంటుంది. సెంటర్‌లో పిల్లలతో కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి, లేదంటే రెండు చేతులూ తొడల మీద ఆనించి లేవాలి. పాపకు జడ వేయబోతే సగం జడకే భుజాలు గుంజుతాయి, చేతులు దించుకుని కాసేపు ఆగి మిగతా సగం వేస్తాను. గుడ్ల ట్రేలు వచ్చిన రోజు, బాలామృతం ప్యాకెట్లు సర్దిన రోజు, ఆ రాత్రి అటు ఇటు ఒత్తిగిలడం కూడా కష్టమే.

అలసట గురించి ఎవరికీ సరిగా చెప్పలేకపోతున్నాను. నిద్ర పడుతుంది. కానీ పొద్దున లేచేసరికి రాత్రంతా నాట్లు వేసి వచ్చినట్టు ఉంటుంది. మధ్యాహ్నం పిల్లలను పడుకోబెట్టాక ఫోన్‌లో హాజరు, బరువులు ఎక్కిస్తుంటే కళ్లు మూతలు పడతాయి. ఇప్పుడే రాసిన పాప బరువు ఎంతో మళ్లీ పుస్తకం తీసి చూసుకుంటున్నాను. ఇదివరకు నాకు సెంటర్‌లో ప్రతి పిల్లవాడి పుట్టిన తేదీ నోటికి వచ్చేది.

ఇది రెండేళ్ల నుంచి ఉంది. మొదట మా ఊరి ఆర్‌ఎంపీ సూది వేశాడు. రెండు మూడు రోజులు హాయిగా ఉండేది, తర్వాత మళ్లీ మామూలే. టౌన్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు పోతే డాక్టర్ నా మొహం కూడా సరిగా చూడకుండానే "మర్రిగూడా? అయితే ఫ్లోరైడే, దానికి మందు లేదు" అని నొప్పుల గోలీలు రాశారు. ఇంకొక చోట "ఏం లేదమ్మా, టెన్షన్. వాకింగ్ చెయ్" అన్నారు. యూరిక్ యాసిడ్ పరీక్ష చేయించారు, నార్మల్. మా అత్తమ్మ అయితే "నలభై దాటితే అందరికీ ఇంతే" అంటుంది. మా ఆయన మంచివాడే, కానీ నేను గోడ పట్టుకుని లేస్తుంటే ఆయన మొహంలో భయం కనబడుతుంది. మా మేనమామ ఆఖరికి నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పి చూసేవాడు. నాకూ అదే వస్తుందని ఇంట్లో అందరి మనసులో ఉంది. ఎవరూ పైకి అనరు.

ఫ్లోరైడే అయితే అదే అని తేల్చమనండి, ఒప్పుకుంటాను. కానీ పరీక్ష లేకుండా ఊరి పేరు చూసి తేల్చడం నాకు మింగుడు పడటం లేదు. ఫ్లోరైడ్ ఊళ్లో పుట్టినవాళ్లకు థైరాయిడ్ రాదా? రక్తం తక్కువ కాదా? వేరే ఏ జబ్బూ ఉండదా?

నేను అడిగేది ఇంతే. ముందు ఏ డాక్టర్ దగ్గరికి పోవాలి, ఏ పరీక్షలు రాయమని అడగాలి? ఎముకల డాక్టరా, నరాల డాక్టరా, జనరల్ డాక్టరా? నల్లగొండలోనే అవుతుందా, హైదరాబాద్ పోవాలా? మాకు వచ్చే జీతంలో అన్నీ ప్రైవేటులో చేయించుకోలేను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మర్రిగూడ అన్న

చెల్లె, నీ పోస్టు చదివి మా నాయిన గుర్తొచ్చిండు. ఆయనకు ముదిరిన ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఎముకల జబ్బు. ఆయనను తిప్పిన దవాఖానల్లో విన్నది, చూసింది చెప్తాను.

మొట్టమొదట, ఫ్లోరైడ్ నొప్పికి ఒక తీరు ఉంటుంది. ఫ్లోరైడ్ ఎముకలో చేరి దాన్ని గట్టిపరుస్తుంది, ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు, పొరలు కూడా సున్నం పట్టి బిగుసుకుంటాయి. అందుకే నొప్పి కంటే బిగుసుకుపోవడం ఎక్కువ. సర్వేకు వచ్చినవాళ్లు మా ఊళ్లో మూడు పనులు చేయించి చూసేవారు. మోకాళ్లు వంచకుండా కింద ఉన్న రూపాయి బిళ్ల తీయాలి. గదవ ఛాతీకి ఆనించాలి. చేతులు పక్కకు చాపి, మడిచి, తల వెనక్కి తాకించాలి. ఇంట్లో నువ్వే చేసి చూసుకో. మా నాయిన మూడింట్లో ఏ ఒక్కటీ చేయలేకపోయేవాడు. నొప్పి పెట్టినా సరే నువ్వు మూడూ చేయగలిగితే అది డాక్టర్‌కు చెప్పు. అది మంచి మాటే. కానీ దాంతోనే ఫ్లోరైడ్ లేదని తేల్చుకోవద్దు, మొదట్లో ఉన్నవాళ్లు కూడా చేయగలరు.

తేల్చడానికి పరీక్షలు ఉన్నాయి. మోచేతి నుంచి మణికట్టు దాకా ఎక్స్‌రే తీస్తారు. ఆ రెండు ఎముకల మధ్య ఉన్న పొర సున్నం పట్టిందా లేదా అందులో కనబడుతుంది. వెన్ను, నడుము ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, చిక్కగా ఉందా చూస్తారు. మూత్రంలో ఫ్లోరైడ్ ఎంత పోతుందో కొలుస్తారు. ఒక సంగతి గుర్తుపెట్టుకో. మూత్రంలో కనబడేది ఎక్కువగా ఇప్పుడు లోపలికి పోతున్న ఫ్లోరైడ్. మిషన్ భగీరథ కింద వచ్చే కృష్ణా నల్లా నీళ్లు తాగడం మొదలుపెట్టాక అది తగ్గుతుంది. ఎముకలో ఏనాడో చేరింది మాత్రం అంత తొందరగా పోదు. అందుకని మూత్రం రిపోర్టు ఒక్కటి పట్టుకుని అవుననీ చెప్పలేరు, కాదనీ చెప్పలేరు. ఎక్స్‌రే, మనిషిని చూసి పరీక్షించడం, రెండూ కావాలి.

ఇంకొకటి అడుగుతున్నా, ఏమనుకోకు. తాగేది కృష్ణా నీళ్లే, కానీ వంటకు? మా వాడలో చాలా ఇళ్లలో అన్నం, పప్పు ఇంకా బోరు నీళ్లతోనే వండుతున్నారు, పప్పు తొందరగా ఉడుకుతుందో రుచో అని ఏదో ఒకటి చెప్తారు. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఉంటే తాగడానికి పనికిరాదని లెక్క. మన దగ్గర పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు, నాగ్‌పూర్ నీరీ శాస్త్రవేత్తలు తయారుచేసింది. మన జిల్లా పేరు అట్లా పుస్తకాల్లోకి ఎక్కింది.

కాళ్లు తిమ్మిరెక్కి నడక తడబడినా, మూత్రం ఆపుకోవడం కష్టమైనా మాత్రం ఆలస్యం చేయొద్దు. వెన్నులో నరం ఒత్తుకుంటే అట్లా అవుతుంది. మా నాయినకు అది గుర్తుపట్టేసరికి ఆలస్యమైంది.

ల్యాబ్ టెక్నీషియన్, నల్లగొండ

మేడం, నేను డాక్టర్‌ను కాదు. రోజూ రక్తం తీసేవాడిని కాబట్టి పరీక్షల గురించి మాత్రం చెప్పగలను.

ఒళ్లు నొప్పులని వచ్చేవాళ్లకు మా దగ్గర ఎక్కువగా రాసుకొచ్చేది యూరిక్ యాసిడ్, ఏఎస్‌ఓ. మీ లక్షణాలకు ఆ రెండింటితో పెద్దగా తెలిసేది ఉండదు. మీరు అడగాల్సింది వేరు. పూర్తి రక్త పరీక్ష, ఒంట్లో వాపు ఉందా చూసే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, షుగర్, కిడ్నీ కోసం క్రియాటినిన్, లివర్ పరీక్షలు. ఇవి మొదటి వరుస. వీటితో పాటు విటమిన్ డి, బీ12, కాల్షియం, ఫాస్ఫరస్, ఐరన్ నిల్వ చూసే ఫెరిటిన్. లివర్ పరీక్షల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఒక వరుస ఉంటుంది. అది ఎక్కువగా ఉంటే లివర్ వల్లే అని అందరూ అనుకుంటారు, ఎముక వల్ల కూడా పెరుగుతుంది. మీరు ఎముక మీద అదిమితే నొప్పి అన్నారు, కింద నుంచి లేవలేను అన్నారు. ఆ రెండు మాటలూ డాక్టర్‌కు విడిగా, తప్పకుండా చెప్పండి. కండరాల కోసం సీకే అనే పరీక్ష కూడా అడుగుతారేమో.

వాపు లేదన్నారు కాబట్టి కీళ్లవాతం కోసం చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్ష డాక్టర్ అవసరమనుకుంటేనే. అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన కీళ్లవాతం ఉన్నట్టు కాదు, నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేనట్టూ కాదు. రిపోర్టు చూసి ఏడ్చినవాళ్లను చూశాను, అందుకే చెబుతున్నాను.

ఖర్చు గురించి: మీ పీహెచ్‌సీలో చీటీ రాయించుకుంటే అక్కడే రక్తం తీసి జిల్లా డయాగ్నొస్టిక్ హబ్‌కు పంపుతారు. థైరాయిడ్, రక్తం, లివర్, కిడ్నీ వంటివి ఉచితంగా అవుతాయి. మిగతావి వాళ్ల దగ్గర ఉన్నాయో లేవో చీటీ రాయించుకునేటప్పుడే అడగండి. లేనివి మాత్రమే బయట చేయించుకోండి. ఎక్స్‌రే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో తీయించుకోవచ్చు. మొదట అక్కడే జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించండి. ఎముకల డాక్టర్, నరాల డాక్టర్ తర్వాతి మాట.

ఆ సూది గురించి కూడా. రెండు రోజుల్లో మాయమై మళ్లీ తిరిగివచ్చే హాయి చాలాసార్లు స్టెరాయిడ్ సూదిది. పేరు రాసి ఉన్న సీసా దొరికితే ఫోటో తీసి డాక్టర్‌కు చూపించండి. ఎక్కువ రోజులు వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడం కూడా మంచిది కాదు, డాక్టర్ చెప్పినట్టే ఆపాలి. నొప్పుల గోలీలు రోజూ మింగితే కిడ్నీకి దెబ్బ, క్రియాటినిన్ రాయమన్నది అందుకే.

మునుగోడు అంగన్‌వాడీ

అన్నా, మీరు చెప్పిన మూడూ చేసి చూశాను. రూపాయి బిళ్ల తీయగలిగాను, తొడలు వణికాయి. గదవ ఆనింది. చేతులు తల వెనక్కి పోయాయి కానీ అక్కడే ఉంచలేకపోయాను. మా ఆయన పక్కన నిలబడి చూశాడు, ఆ తర్వాత మామూలుగా అన్నం తిన్నాడు. వంట సంగతి కూడా నిజమే, అత్తమ్మ పప్పుకు బోరు నీళ్లే పోస్తుంది. ఇవాళ్టి నుంచి నల్లా నీళ్లే. ల్యాబ్ తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం కాగితం మీద ఎక్కించుకున్నాను. సోమవారం పీహెచ్‌సీకి పోతున్నాను.

పాలమూరు టీచరక్క

అమ్మా, నాది మహబూబ్‌నగర్. జడ్చర్ల దగ్గర హైస్కూల్‌లో పనిచేస్తాను, రోజూ బస్సులో తిరుగుతాను. నాకు ఉన్నది ఫైబ్రోమయాల్జియా. ఈ పేరు నువ్వు విని ఉండకపోవచ్చు, కానీ నీకు ముందు ముందు ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి తెలిసి ఉండటం మంచిది.

ఒళ్లంతా నొప్పి, తీరని అలసట, నిద్రపోయినా తేరుకోకపోవడం, మతిమరుపు. నువ్వు రాసిన సగం నా కథే. దీనికి రక్త పరీక్ష లేదు, ఎక్స్‌రేలో కనబడదు. నరాలు, మెదడు నొప్పిని మామూలు కంటే ఎక్కువ చేసి చూపించే జబ్బు అని హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో రుమటాలజీ (కీళ్లవాతం, ఒళ్లు నొప్పుల జబ్బులు చూసే) డాక్టర్ చెప్పారు. 1990లో అమెరికా రుమటాలజీ సంఘం ఒళ్లు మీద 18 చోట్ల వేలితో నొక్కి, 11 చోట్ల నొప్పి ఉంటే ఈ జబ్బు అని పెట్టింది. 2010లో అది మార్చారు. ఇప్పుడు ఎక్కడెక్కడ నొప్పి, ఎంత అలసట, నిద్ర ఎట్లా ఉంది అని అడిగి, మూడు నెలలకు పైగా ఉందా చూసి చెబుతారు. నన్నూ అట్లాగే అడిగారు. ఆ డాక్టర్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న "పొద్దున ఎట్లా లేస్తావు" అని. అప్పటిదాకా ఎవరూ నన్ను అది అడగలేదు. కుర్చీలోనే ఏడ్చేశాను.

కానీ నువ్వు రాసినవాటిలో రెండు నాకు లేవు. నాకు నొప్పి కండలో, పట్టుకుంటే. ఎముక మీద అదిమితే అంత ఉండదు. కింద నుంచి లేస్తే నొప్పి పెడుతుంది కానీ బలం ఉంటుంది, గోడ అక్కర్లేదు. నీకు బలమే తగ్గినట్టు ఉంది. అందుకని ల్యాబ్ తమ్ముడు చెప్పిన పరీక్షలు పూర్తయ్యేదాకా ఎవరైనా ఫైబ్రోమయాల్జియా అన్నా ఒప్పుకోవద్దు. నాకు కూడా ముందు థైరాయిడ్, డి విటమిన్, రక్తం అన్నీ చూశాకే ఆ పేరు పెట్టారు. ఫ్లోరైడ్ అని ఒక్క మాటతో నిన్ను ఎట్లా పంపించారో, ఈ పేరుతోనూ అట్లాగే పంపించేవాళ్లు ఉన్నారు.

ఇంకొకటి గమనించు. కష్టపడిన మర్నాడు, ఆ మర్నాడు పూర్తిగా మంచం పట్టేంత పడిపోతున్నావా? అట్లా ఆరు నెలలకు పైగా ఉంటే క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే వేరే జబ్బు కూడా ఆలోచిస్తారు. అది ఎందుకు ముఖ్యమంటే, నాకు మెల్లమెల్లగా నడక పెంచుకుంటూ పోవడం మేలు చేసింది, వాళ్లకు అట్లా బలవంతంగా పెంచితే ఇంకా చెడుతుంది. వాకింగ్ చెయ్ అని అందరికీ ఒకే మాట చెప్పకూడదు. ఈ నొప్పులు మొదలయ్యే ముందు చికున్‌గున్యా గానీ, పెద్ద జ్వరం గానీ వచ్చిందా అది కూడా చెప్పు. ఆ జ్వరం పోయినా నెలల తరబడి నొప్పులు ఉన్నవాళ్లు మా స్టాఫ్‌రూమ్‌లోనే ఉన్నారు.

నాకు రాత్రిపూట చిన్న డోసు అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. మెడికల్ షాపు అతను "ఇది మనసు బాగలేనివాళ్లకు ఇస్తారు మేడం" అన్నాడు. ఆ మాటకు కొన్నాళ్లు వేసుకోవడానికే సంకోచించాను. నొప్పికీ నిద్రకీ తక్కువ డోసులో అదే మందు ఇస్తారని డాక్టర్ విడమరిచి చెప్పాక వేసుకున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ బస్సులో నిలబడి ఊరు చేరగలుగుతున్నాను, పిల్లలకు బోర్డు మీద రాయగలుగుతున్నాను.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఒక కాగితం మీద మనిషి బొమ్మ గీసి నొప్పి ఉన్న చోట్ల సున్నాలు చుట్టు. మనం చెబితే వినరు గానీ బొమ్మ చూస్తారు.

మునుగోడు అంగన్‌వాడీ

రిపోర్టులు వచ్చాయి, జనరల్ ఆస్పత్రిలో చూపించాను. మీ అందరికీ చెప్పాలని వచ్చాను.

విటమిన్ డి 9 ఉంది. 20 కంటే తక్కువ ఉంటేనే లోపం అట. కాల్షియం కింది అంచున ఉంది, ఫాస్ఫరస్ తక్కువ, ఆ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ. హిమోగ్లోబిన్ 9.4, అంటే రక్తం తక్కువ. టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ, కొన్ని వారాల తర్వాత మళ్లీ చూద్దామన్నారు. క్రియాటినిన్ నార్మల్. ముంజేతి ఎక్స్‌రేలో ఆ పొర సున్నం పట్టలేదు. వెన్ను ఎక్స్‌రే కూడా బాగానే ఉందన్నారు.

డాక్టరమ్మ చిన్న వయసు. అక్కా, మీరు చెప్పిన బొమ్మ గీసుకుని పోయాను, ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. నన్ను కింద కూర్చోబెట్టి చేతులు ఆనించకుండా లేవమంది. లేవలేకపోయాను. మోకాలి కింద ఎముక మీద అదిమింది, పక్కటెముకల మీద అదిమింది. ఎముక మెత్తబడిందని, ఆస్టియోమలేషియా అంటారని చెప్పింది. ఎముకకు సున్నం పట్టాలంటే డి విటమిన్ కావాలట, అది లేక ఎముక లోపల గట్టిపడటం లేదు, తొడలు, భుజాల కండ బలం తగ్గేది కూడా అందుకే. "ఫ్లోరైడ్ ఊళ్లలో ఇది పక్కపక్కనే ఉంటుంది, ఒకటి అనుకుని రెండోది చూడరు" అంది. ఈ ఎండల్లో డి ఎట్లా తక్కువైందని మా ఆయన అడిగాడు. పొద్దున ఎండ రాకముందు ఇంటి పని, తర్వాత సాయంత్రం దాకా సెంటర్ గదిలో, బయటికి వస్తే నిండా కొంగు కప్పుకుని నడుస్తామని నేనే చెప్పాను. గుడ్లు కూడా పిల్లలకు పెట్టేదాన్ని గానీ నేను తినేదాన్ని కాదు.

ఇది మందుతో నయమయ్యే జబ్బు అని ఆమె అన్నప్పుడు మా ఆయన ఇంకోసారి చెప్పమన్నాడు. ఆమె ఇంకోసారి చెప్పింది. ఎముక నొప్పి, బలం తేరుకోవడానికి నెలలు పడుతుంది, అలసటలో రక్తం తక్కువ కావడానికీ వాటా ఉంది అంది. మూడు నెలలకు మళ్లీ పరీక్షలు. అవి సరయ్యాక కూడా నొప్పి మిగిలితే అప్పుడు నిమ్స్‌కు చీటీ రాస్తానంది. మూత్రం ఫ్లోరైడ్ రిపోర్టు ఇంకా రాలేదు. ఏదొచ్చినా వంట నీళ్లు మాత్రం మార్చేశాం.

డి విటమిన్ 60,000 గోలీ, కాల్షియం, ఐరన్ రాసింది. మా పక్కింటి వదినకు ఇదే డి గోలీ ఇచ్చారట, తొందరగా తగ్గాలని ఆమె రోజూ వేసుకుంటోందట. నన్నూ అట్లాగే వేసుకోమంటోంది. వేసుకోవచ్చా?

ల్యాబ్ టెక్నీషియన్, నల్లగొండ

వద్దు మేడం. మీకు చీటీలో వారానికి ఒకటి అని ఉంటే వారానికి ఒకటే. అది కొవ్వులో నిల్వ ఉండే విటమిన్, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీ దెబ్బ దాకా పోతుంది. మీ వదినను ఇవాళే ఆపమని చెప్పి, చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి పంపండి, కాల్షియం, క్రియాటినిన్ చూపించుకోవాలి. మీరు ఐరన్, కాల్షియం గోలీలు ఒకేసారి మింగొద్దు, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. ఐరన్ వేసుకున్న వెంటనే చాయ్ తాగొద్దు. టీఎస్‌హెచ్ డాక్టర్ చెప్పినన్ని వారాలకు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మూడు నెలలకు మర్చిపోకుండా రాయించుకోండి, పాత రిపోర్టు వెంట తీసుకుపోండి.